తాలింపు గెలిచింది

డెట్రాయిట్ శివార్లలో ఇల్లు కొన్న మనవాళ్ళకు మొదటి చలికాలం గడిచేసరికి రెండు కోరికలు పుడతాయి. ఒకటి హాల్లో కట్టెల పొయ్యి. రెండోది, సోఫాలకు పోపు వాసన పట్టకుండా నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలిని బయటికి తోసేసే వంటింటి హుడ్. ఈ రెండిటికీ పొసగదని ముందుగా చెప్పే పుణ్యాత్ముడు దొరకడు. పొయ్యి అమ్మినాయన హుడ్ సంగతి అడగడు, హుడ్ బిగించినాయన పొయ్యి వంక చూడడు. మొన్న శనివారం ఒక తెలుగింట్లో జరిగిన రభసకు మూలం ఇదే.

బిగింపులో తప్పు పట్టడానికేం లేదు. అడుగున నిప్పురవ్వ పడినా అంటుకోని పలక వేశారు, అది పొయ్యి తలుపు ముందుకు 18 అంగుళాలు వచ్చింది. గోడకు ఎంత ఎడం ఉండాలో పొయ్యి వెనక రేకు మీదే రాసి ఉంటుంది (ఆ రేకు లేని పాత పొయ్యికైతే 36 అంగుళాలు). గొట్టం ముక్కల్లో ముడతలు పెట్టిన కొస కిందికే దించారు, లేకపోతే లోపల పేరుకున్న తారు అతుకుల్లోంచి కారి గోడకు బొట్లు పెడుతుంది. అతుకుకు మూడేసి స్క్రూలు. కప్పును చీల్చుకొచ్చిన చోటి నుంచి చిమ్నీ 3 అడుగులకు తగ్గకూడదు, 10 అడుగుల లోపున్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. అదీ ఉంది. ఇన్‌స్పెక్టర్ దొర టేపు పట్టుకుని అంగుళం అంగుళం కొలిచి సంతకం పెట్టాడు. వంటింట్లోకి మాత్రం తొంగి చూడలేదు. అది ఆయన కాగితంలో లేదు మరి.

చిన్న తిరకాసు పెద్దాయన దగ్గర వచ్చింది. హాలు నడుమ పెట్టి గొట్టాన్ని ఇంట్లోంచే నిటారుగా పైకి పంపితే చిమ్నీ వెచ్చగా ఉండి పొగను బాగా లాగుతుంది. "అగ్గి అన్నాక ఆగ్నేయంలో ఉండాల్సిందే" అన్నారు మామగారు. అల్లుడు నోరెత్తలేదు. పొయ్యి ఆగ్నేయపు మూలకు పోయింది, గొట్టం గోడలోంచి అడ్డంగా దూరి, బయట గడ్డకట్టే చలిలో నిలబడింది. చల్లబడిన చిమ్నీ లాగుడు ఎంత? బాగా మండుతున్నప్పుడే గాలి ఒత్తిడిలో తేడా పన్నెండు పాస్కళ్ళుంటే గొప్ప. అంటే ఒక మిల్లీమీటరు నీటిమట్టం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

మొదటి మంటలకు కొత్త రంగు కాలి కంపు కొడుతుంది కాబట్టి కిటికీలన్నీ బార్లా తీశారు. పొగ బుద్ధిగా పైకి పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కిటికీలకు దక్కాలి.

శనివారం భోజనాలకు కిటికీలు బిగించారు. స్నానాల గది ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బట్టలారేసే డ్రయర్ తిరుగుతోంది. ఇంటావిడ పులిహోర తాలింపులో ఎండుమిరపకాయలు వేసి హుడ్‌ను మూడో నంబరుకు తిప్పింది. 2,000 చదరపుటడుగులు, 8 అడుగుల కప్పు ఉన్న ఇంట్లో గాలంతా ఆ ఒక్క హుడ్ పద్దెనిమిది నిమిషాల్లో తోడేయగలదు. తోడిన గాలికి బదులు ఎక్కణ్ణుంచో రావాలి కదా. ఇంట్లో మిగిలిన పెద్ద రంధ్రం చిమ్నీయే. సరిగ్గా అప్పుడే ఇంటాయన "చూడండి, ఎంత ముచ్చటగా మండుతోందో" అంటూ పొయ్యి తలుపు తెరిచాడు.

పొగ హాల్లోకి వచ్చింది. పొగను చూసిన ఇంటావిడ హుడ్‌ను నాలుగుకు పెంచింది. పొగ రెట్టింపైంది. ఇంకెవరో ఐదుకు తిప్పారు. అక్కడితో ఆగారు, ఆరు లేదు కాబట్టి. ఇంట్లోని పొగ అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒకటి ఏడిస్తే అన్నీ ఏడుస్తాయి. ఒకాయన కుర్చీ ఎక్కి కండువాతో అలారానికి విసురుతున్నాడు. అమ్మమ్మగారు "ఊదుగొట్టం లేదుటే?" అని అడుగుతున్నారు. ఒకడు నీళ్ళ బిందె తెచ్చాడు. కాలిన పోత ఇనుము మీద నీళ్ళు పడితే పగులుతుంది, ఆవిరితో బూడిదంతా మొహాన కొడుతుంది. బిందెను ఎవరో లాక్కోబట్టి సరిపోయింది. ఇంతలో ఆలస్యంగా వచ్చిన అతిథులు కాలింగ్ బెల్ కొట్టారు. వీధి తలుపు తీయగానే పొగ తగ్గింది. వేయగానే మళ్ళీ మొదలు. ఇంకో కుటుంబం వచ్చింది, తగ్గింది. తలుపు వేశారు, మొదలు. కారణం తలుపని ఒక్కరికీ తట్టలేదు. "లక్ష్మీదేవిలా వచ్చారమ్మా" అని వచ్చినావిణ్ణి మెచ్చుకున్నారు. ఆ గదిలో కనీసం అరడజను మంది ఇంజనీర్లున్నారు.

పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు కాబోలు, ఫైరింజను వచ్చింది. లోపలికొచ్చిన మనిషి పొయ్యి వైపు చూడకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి బటన్ నొక్కి హుడ్ ఆపాడు. పొయ్యి పక్కన కిటికీ రెండంగుళాలు తీశాడు. పొయ్యి తలుపు మూశాడు. అంతే.

పొగ కనపడింది కాబట్టి నయం. అర్ధరాత్రి నిప్పులు కనకనలాడుతున్నప్పుడు ఎవరైనా హుడ్ వేస్తే వచ్చేది కార్బన్ మోనాక్సైడు, దానికి రంగూ వాసనా ఉండవు. దానికి వేరే అలారం, పడగ్గదుల దగ్గర, తప్పదు. పొయ్యికి నేరుగా బయటి గాలి గొట్టం తగిలిస్తే సరిపోతుందని దుకాణంవాడు అమ్మజూపుతాడు. పొయ్యి తలుపు తీశాక దాని పప్పులుడకవు. కావలసింది హుడ్ స్విచ్చితోపాటు తెరుచుకునే డాంపర్ (గాలిని ఆపే మూత) ఉన్న గాలిదారి. ఇలాంటి పొయ్యి ఉన్న ఇంట్లో హుడ్ నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటితే ఆ ఏర్పాటు ఉండాలని ఇళ్ళు కట్టే నిబంధనల కోడ్‌లోనే ఉంది.

మరి రెండిటికీ పర్మిట్ ఎలా ఇచ్చారని అడిగితే, పొయ్యి ఒక కౌంటరట, హుడ్ ఇంకో కౌంటరట. రెండూ ఒకే గదిలో, ఎదురెదురుగా. గాలిదారికి ఇప్పుడు మూడో అర్జీ. దాని ఫీజు కార్డుతో తీసుకోరట, చెక్కే రాయాలట.