ఏడు గుర్రాల స్వామి, తాబేలు స్వామి, మధ్యలో బొలేరో

వేగం గురించి తీర్పు చెప్పే అర్హత ఈ దేశంలో ఏ జిల్లాకైనా ఉందంటే అది శ్రీకాకుళానికే. అరసవల్లిలో ఏడు గుర్రాల రథమెక్కి తిరిగే సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుంటాం. అక్కణ్ణుంచి పట్టుమని పదిహేను కిలోమీటర్లు వెళ్లి శ్రీకూర్మంలో తాబేలుకీ అంతే భక్తిగా దణ్ణం పెట్టుకుంటాం. ఈ ఇద్దరిలో ఎవరు ముందు చేరతారని ఇన్ని వందల ఏళ్లలో ఒక్క భక్తుడూ అడగలేదు. అందుకని, పికప్ వ్యాను గొప్పదా స్పోర్ట్స్ కారు గొప్పదా అనే ప్రపంచ సమస్యను పరిష్కరించే బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను. నన్నెవరూ అడగలేదు. బాధ్యతలు అడిగితే వచ్చేవి కావు.

గొడవ సంక్రాంతికి మొదలైంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఉద్దానం వచ్చి, అరుగు మీద కూర్చుని, ఫోన్లో పోర్షే 911 బొమ్మ చూపించాడు. "మావయ్యా, సున్నా నుంచి వందకి నాలుగే సెకన్లు!" సరిగ్గా అప్పుడే, మా కొబ్బరికాయలెత్తడానికి పొద్దున్నే రావలసిన బొలేరో పికప్ గంటన్నర ఆలస్యంగా వచ్చి గుమ్మం ముందు ఆగింది. మేనల్లుడు నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వుకి జవాబే ఈ వ్యాసం.

అమెరికా వాళ్లు ఈ పంచాయితీ ఎప్పుడో తీర్చేశామనుకున్నారు. 2023 నవంబరులో టెస్లా వాళ్లు తమ సైబర్‌ట్రక్ పికప్ వెనక ఒక పోర్షే 911ని ట్రైలర్ మీద కట్టి, పక్కన ఇంకో 911ని నిలబెట్టి పరుగు పందెం పెట్టారు. కారుని లాక్కుంటూ వెళ్లిన ట్రక్కే గెలిచింది. పావు మైలు పందెమని గొప్పగా చెప్పారు. తీరా కొలిస్తే అది అరపావు మైలే. పావు అని చెప్పి అరపావు తూచడం మా సంతలో కొత్త విద్యేం కాదు. కాకపోతే మా వాళ్లు దాన్ని వీడియో తీసి పెట్టుకోరు. ఈ సాక్ష్యాన్ని నేను కొట్టేస్తున్నాను.

ఇక వేగం. నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కారుకి చట్టం ఒప్పుకునేది గంటకి వంద కిలోమీటర్లు. అంటే పదహారో నంబరు రహదారి ఎక్కిన నాలుగో సెకనుకే 911 యజమానికి చట్టం ఇచ్చిందంతా అయిపోతుంది. ఆ తర్వాత ఇచ్ఛాపురం దాకా అతను, అతని రెండు కోట్లు, ముందున్న గ్రానైట్ లారీ. రహదారి దిగితే ఇంకా అన్యాయం. మా ఊరి రోడ్డులో సగం మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగం మేకలది. ప్రతి బడి ముందూ గుడి ముందూ స్పీడ్ బ్రేకరని పిలిచే చిన్న కొండ. నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తున పాకే కారుని వాటి మీదుగా దాటించాలంటే నలుగురు కళాసీలు కావాలి.

అసలు పరీక్ష కొబ్బరికాయ. 911కి ఇంజను వెనక, డిక్కీ ముందు. తోకతో తినే ఆవులా ఉందని మా అమ్మ అంది. ఆ డిక్కీలో పట్టేది దాదాపు 130 లీటర్ల సరుకు. పీచు తీయని కాయలు ఎంత సర్దినా ముప్పై. బొలేరో పికప్‌లో 1,700 కిలోలు మోసే రకం ఉంది. కాయ కిలోంబావు పైచిలుకున్నా 1,300కి తగ్గదు. ఇప్పుడు ధర చూడండి. రెండు కోట్ల కారుని ముప్పై కాయలకి పంచితే కాయకి ఆరు లక్షల అరవై ఆరు వేలు పడింది. పది లక్షల వ్యానుని 1,300కి పంచితే కాయకి ఏడొందల డెబ్భై. ఈ లెక్క మేనల్లుడికి చూపిస్తే, "అలా లెక్కపెట్టకూడదు మావయ్యా" అన్నాడు. ఎలా లెక్కపెట్టాలో మాత్రం చెప్పలేదు.

ఢిల్లీ కూడా నా పక్షమే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ సరుకు బళ్ల మీద 18 శాతమే, పెద్ద కార్ల మీద 40.

పెళ్లికి మాత్రం కారు పనికొస్తుందని ఒప్పుకుంటున్నాను. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పడతారు. వెనక ఇంకో రెండు సీట్లున్నాయంటారు గానీ, వాటిలో తోటి పెళ్లికొడుకు గొడుగు పడుతుంది, తోటి పెళ్లికొడుకు పట్టడు. మిగతా పెళ్లంతా, టెంటు, కుర్చీలు, గుండిగలు, అలిగిన బాబాయితో సహా, వ్యానులోనే వస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ముప్పై నలభై ఏళ్ల కొబ్బరి చెట్లని పుల్లల్లా విరిచేసింది. దారికడ్డంగా పడ్డ మానులు నరికాక మా వీధికి ముందుగా వచ్చింది మంచినీళ్ల డబ్బాలతో ఒక టాటా ఏస్. తొలి టాటా ఏస్‌కి ఉన్నవి 702 సీసీ, పదహారు గుర్రాల శక్తి. 911కి నాలుగొందల దాకా ఉంటాయట. లోకమంతా తిరిగే అరసవల్లి స్వామికి ఏడు సరిపోయాయి.

మేనల్లుడు చివరి అస్త్రం తీశాడు. లంబోర్గిని. వాడికి తెలియనిదేమిటంటే, ఫెరూచియో లంబోర్గిని 1948లో మొదలుపెట్టింది ట్రాక్టర్లతో. కార్ల కంపెనీ 1963లో పెట్టాడు. నాకు తెలిసి దుక్కి నుంచి దారి తప్పిన రైతుబిడ్డల్లో అతనే అందరికంటే ఎక్కువ సంపాదించాడు.

ఈ విషయం వాడికి వివరిస్తుండగా లోడు పూర్తయింది. వ్యాను వెనక తలుపు మీద, పసుపు రాసిన చోట కాస్త పక్కగా, లంబోర్గిని ఎద్దు స్టిక్కరు మెరుస్తోంది. మేనల్లుడు లేచి నిలబడ్డాడు. గెలిచానన్న మొహంతో, "అన్నా, నీకూ లంబోర్గిని అంటే ఇష్టమా?" అని అడిగాడు.

"అదేటి బావూ?" అన్నాడు డ్రైవరు, తాడు బిగిస్తూ. "కొట్లో గుర్రం బొమ్మా ఉంది, ఎద్దు బొమ్మా ఉంది. బండికి ఎద్దే కదేటి ఉండాల!"