క్లియర్ కొట్టాను సార్, ఇక ఢోకా లేదు

పాట బాగానే వస్తోంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, కొత్త స్టీరియో మీద నాకెలాంటి ఫిర్యాదూ లేదు. తొమ్మిది అంగుళాల తెర, వేలితో తడితే జరిగే బొమ్మలు, తలుపుల్లోంచి దడదడమనే బాస్. కంపెనీ ఇచ్చిన పాత రేడియో ఊడదీసి ఇది బిగించేసరికి కారుకు పదేళ్ల వయసు తగ్గింది. కాకపోతే మీటర్ల మధ్య కొత్తగా ఒక ఎర్ర దీపం వెలిగింది, దాని పక్కనే ‘సిస్టమ్ చెక్ చేయించండి’ అని ఒక హెచ్చరిక. ఇదేమిటని బిగించినాయన్ని అడిగాను. ఆయన ఆ దీపాన్ని రోజూ చూసే చుట్టాన్ని చూసినట్టు చూసి, “అవి వస్తాయి సార్” అన్నాడు.

అవి వస్తాయి! మబ్బు పడితే చినుకు వచ్చినట్టు, స్టీరియో మారిస్తే దీపం వస్తుంది. ప్రకృతి ధర్మాన్ని ప్రశ్నించినందుకు సిగ్గుపడి ఊరుకున్నాను.

ఆయన లోపలికెళ్లి, కారు రాసుకున్న లోపాలు చదివే స్కానర్ తెచ్చాడు. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్లో గుచ్చి, తెర మీద రెండు చోట్ల నొక్కాడు. దీపం పోయింది. హెచ్చరికా పోయింది. మొత్తం వైద్యానికి అర నిమిషం కూడా పట్టలేదు.

“ఇంతకీ అందులో ఏం రాసుంది?”

“చూడలేదు సార్. ఎలాగూ కొట్టేసేదే కదా, చూడ్డమెందుకు?”

ఈ వాక్యాన్ని నేను చాలా రోజులు మననం చేశాను. ఎంత ఆలోచించినా అందులో తప్పు పట్టడానికి లేదు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లు, వినతిపత్రాలు తీసుకునేవాళ్లు కూడా ఈ సూత్రం మీదే బతుకుతున్నారు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఎక్కడైనా లోపం కనిపిస్తే కారు ఒక కోడ్ రాసిపెడుతుంది, అందులో అయిదు అక్షరాలుంటాయి. మొదటి అక్షరం చూస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. పీ అంటే ఇంజిన్, గేరుబాక్సు. సీ అంటే బ్రేకులు, స్టీరింగు వగైరా. బీ అంటే బాడీ, ఎయిర్‌బ్యాగులు ఆ ఖాతాలోవే. యూ అంటే కారులోని కంప్యూటర్ల మధ్య మాటలు ఆగిపోయాయని. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 అనే ఈ కోడ్‌ల పద్ధతిని తప్పనిసరి చేశారు, తర్వాత మిగతా ప్రపంచం అందుకుంది. అంటే పాతికేళ్లు దాటింది, కార్లు తమ బాధ ఇదీ అని ఉత్తరాలు రాస్తూనే ఉన్నాయి. మనం కవరు విప్పకుండా చింపేస్తూనే ఉన్నాం.

మర్నాడు కీ తిప్పగానే దీపం, హెచ్చరిక రెండూ హాజరు. ఈసారి నేనే పక్కన నిలబడి కోడ్‌లు చూపించమని పట్టుబట్టాను. మొదటిది యూ0184. దాని అర్థం ‘రేడియోతో సంబంధాలు తెగిపోయాయి’ అని. రెండోది చదివేలోపే ఆయన వేలు కోడ్‌లన్నీ చెరిపేసే క్లియర్ బటన్ మీద పడింది.

ఈ యూ0184 వెనక ఒక కుటుంబ విషాదం ఉంది. కారులో ఇంజిన్‌కో కంప్యూటరు, బ్రేకులకొకటి, తలుపులకొకటి, మీటర్లకొకటి ఉంటాయి. ఇవన్నీ మెలిపెట్టిన రెండు తీగల మీద పగలంతా కబుర్లాడుకుంటాయి. ఆ తీగల పద్ధతి పేరు క్యాన్, బాష్ కంపెనీ దాన్ని 1986లో బయటపెట్టింది. చాలా కార్లలో వీటన్నిటికీ పెద్దదిక్కు గేట్‌వే. ఇంట్లో ఎవరెవరున్నారో దాని దగ్గర జాబితా ఉంటుంది. ఆ జాబితాలో రేడియో పేరు ఉంది, ఇంట్లో మాత్రం రేడియో లేదు. కొత్తగా వచ్చినవాడు పాటలు పాడుతున్నాడు గానీ ఈ ఇంటి భాష ఒక్క ముక్క మాట్లాడడు. పాపం గేట్‌వే ఏం చేస్తుంది? పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది.

“అయ్యా, మా రేడియో కనిపించడం లేదు.”

“ఎప్పటినుంచి?”

“నిన్న కీ తిప్పినప్పటినుంచండీ.”

“ఆనవాళ్లు?”

“నల్లటి మొహం, రెండు గుండ్రటి మీటలు. స్టీరింగ్ మీద బటన్ నొక్కితే బుద్ధిగా గొంతు తగ్గించేది.”

హెడ్డుగారు అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. చివర సంతకం పెట్టించుకున్నాడు. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, “వెళ్లు, ఇక మీ రేడియో తప్పిపోలేదు” అన్నాడు.

“దొరికిందాండీ?”

“ఫిర్యాదే లేనప్పుడు తప్పిపోవడం ఎక్కడిది?”

మర్నాడు పొద్దున్నే కీ తిరిగింది. గేట్‌వే మళ్లీ గుమ్మంలో నిలబడింది. “ఇంకా రాలేదండీ” అంది. మళ్లీ రాత, సంతకం, చింపడం. మూడోనాడు హెడ్డుగారు పని తేలికవుతుందని ముందే చింపి పెట్టుకున్న కాగితం మీద రాసుకున్నాడు. నాలుగోనాడు ఆయనకు ఓపిక నశించింది. లాఠీ తీసి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. మన భాషలో దాన్ని బ్యాటరీ టెర్మినల్ పీకడం అంటారు.

పావుగంట తర్వాత టెర్మినల్ తగిలించారు. గేట్‌వే కళ్లు తెరిచింది. ఇల్లంతా అయోమయం. ఇప్పుడు టైమెంతో గడియారానికి తెలియదు. ఒక్క నొక్కుతో పైదాకా వెళ్లే కిటికీ అద్దం సగంలో ఆగి ఎటు వెళ్లాలో ఆలోచిస్తోంది. స్టీరింగ్ నిటారుగా ఉండటమంటే ఎలా ఉండటమో దాని సెన్సారుకు గుర్తు రావడం లేదు. ఇంతమందికి మతి పోయినా, గేట్‌వే నోట వచ్చిన మొదటి మాట మాత్రం ఇదే: “మా రేడియో వచ్చిందాండీ?”

నిజానికి దీనికి దారి ఉంది. పాత రేడియో మాట్లాడే నాలుగు ముక్కలు తాను మాట్లాడే క్యాన్ అడాప్టర్ ఒకటి మధ్యలో పెట్టాలి. లేదా, కారు ఒప్పుకుంటే, కోడింగ్ చేసి జాబితాలోంచి ఆ పేరు తీయించాలి. రెంటికీ ముందు కోడ్ చదవాలి. చదవడం అనేసరికి వ్యవహారం చెడింది.

అయిదోనాడు కారు తెచ్చుకుంటే దీపం లేదు. “సెట్ అయింది సార్” అన్నాడాయన. హెచ్చరిక మాత్రం ఇంకా వస్తోంది. ఈయనతో లాభం లేదనుకుని కోడ్‌లు చదివే అగ్గిపెట్టెంత అడాప్టర్ నేనే కొన్నాను. సాకెట్లో గుచ్చి ఫోన్లో చూస్తే, పచ్చటి అక్షరాల్లో ‘లోపాలు ఏమీ లేవు’ అని వచ్చింది. ఆ పచ్చదనానికి మురిసిపోయి, ఆరు రోజులు పాటలు వింటూ తిరిగాను. ఆ చవక సరుకు చాలావరకు అడిగేది ఇంజిన్‌ను మాత్రమేనని తర్వాత తెలిసింది. పక్కింట్లో దొంగలు పడ్డారా అని మనింట్లో నిద్రపోతున్నవాణ్ణి లేపి అడిగితే, పడలేదనే చెబుతాడు.

వారం గడిచాక అనుమానం వచ్చింది. కీ తిప్పగానే మీటర్లలోని హెచ్చరిక దీపాలన్నీ కాసేపు వెలిగి ఆరాలి. అది వాటి హాజరు. ఒక దీపం మాత్రం అసలు వెలగడమే లేదు. అద్దం మీద వేలు పెట్టి గోకాను. నల్లటి ముక్క ఒకటి లేచింది. కింద దీపం భేషుగ్గా వెలుగుతోంది. సీట్లో కూర్చున్న మనిషి, అతని ఎదురుగా గుండ్రటి బుడగ.

ఇన్సులేషన్ టేపు. కత్తెరతో సరిగ్గా ఆ బొమ్మ కొలతకు కత్తిరించి, అంచులు గుండ్రంగా తీసి మరీ అంటించాడు. పనితనానికి వంక పెట్టలేం. ఆ శ్రద్ధలో పదో వంతు డ్యాష్‌బోర్డు వెనక తీగలు కలిపే పసుపు కప్లర్ మీద పెట్టి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే వచ్చేది కాదు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. అది ఎయిర్‌బ్యాగ్ దీపం, ఆ పసుపు కప్లరూ ఎయిర్‌బ్యాగ్‌దే. అది ఆరకుండా వెలుగుతోందంటే, గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చని కారు చెబుతోంది. తెరుచుకోవాల్సిన సమయం కన్ను రెప్ప వేసేంత కూడా ఉండదు. ఆ లోపల ఎవరూ స్కానర్ తేలేరు. ఆ పక్క సీట్లో మా అమ్మ కూర్చుంటుంది. వారం రోజుల్లో రెండుసార్లు కూర్చుంది కూడా, కొత్త స్టీరియోలో పాత పాటలు వింటూ. దీన్ని మోసం అనడానికి కూడా నోరు రావడం లేదు, మోసగాడికి తాను చేసేది తప్పని తెలుస్తుంది. ఈయనకు అదీ తెలియదు. నొప్పి అంటున్న పేషెంటు నోటికి ప్లాస్టరేసి డిశ్చార్జి చేసే డాక్టర్ని మనం ఊరుకుంటామా? కారు దగ్గరికొచ్చేసరికి చేతిలో డబ్బు పెట్టి థ్యాంక్స్ చెప్పి వస్తాం. నేను చెప్పాను.

ఇదే మహానుభావుడు ఇంకో సేవ కూడా చేశాడు. బండి కదిలితే వీడియో ఆగిపోవాలని స్టీరియోకు ఒక హ్యాండ్‌బ్రేక్ వైరు ఉంటుంది. దాన్ని అడక్కుండానే ఎర్త్‌కు కలిపేశాడు. “డ్రైవింగ్‌లో కూడా సినిమా చూసుకోవచ్చు సార్, ఫ్రీ.” ఎయిర్‌బ్యాగ్ పని చేయకుండా, నడుపుతూ సినిమా. రెండూ ఒకే ప్యాకేజీ.

ఇంజిన్ కోడ్‌ల విషయంలో క్లియర్ కొట్టడం ఇంకా ఘనకార్యం. లోపం వచ్చిన క్షణంలో వేగమెంత, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది లాంటి వివరాలు కారు దాచిపెడుతుంది. క్లియర్ కొడితే అవీ పోతాయి. ఇలాంటివాళ్లుంటారని పసిగట్టే కాబోలు, పొగకు సంబంధించిన లోపాలకు తర్వాత్తర్వాత పర్మనెంట్ కోడ్ అనేది పెట్టారు. అది స్కానర్‌కు లొంగదు, బ్యాటరీ పీకినా పోదు. జబ్బు నిజంగా తగ్గిందని కారు తనకు తాను పరీక్ష చేసుకుని నమ్మితేనే చెరిగిపోతుంది. ఈ మధ్య నాకు బాగా నచ్చిన ఆవిష్కరణ అదే.

చివరికి ఇంకొకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన స్కానర్ గుచ్చి, కళ్లజోడు పెట్టుకుని, కోడ్‌లు ఒక్కొక్కటే కాగితం మీద రాసుకున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగి, డ్యాష్‌బోర్డు ప్యానెల్ విప్పితే, పసుపు కప్లర్ సగం దూరి సగం బయట ఉంది. నొక్కాడు. టిక్‌మంది. వీడియో కోసం ఎర్త్‌కు కలిపిన వైరు విడదీసి హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌కు ఇచ్చాడు. గేట్‌వే జాబితాలోంచి పాత రేడియో పేరు తీశాడు. అప్పుడు క్లియర్ కొట్టాడు. దీపం వెలిగి, తన హాజరు వేయించుకుని, ఆరిపోయింది.

టేపు జిగురు మాత్రం మీటర్ అద్దం మీద అలాగే ఉంది. దుమ్ము పట్టి, సరిగ్గా ఆ బుడగ బొమ్మ చుట్టూ నల్లటి గుండ్రం తేలింది. దాన్ని క్లియర్ కొట్టే బటన్ ఏ స్కానర్‌లోనూ లేదట.