ఆ సీసా పోసినంత మాత్రాన ఇంజను బతకదు

ఇందాకే పొదలకూరు మెకానిక్ దగ్గర నుంచి ఇల్లు చేరాను. చేతులకు పెట్రోలు వాసన పోలేదు, లోపల మంట కూడా చల్లారలేదు. నిమ్మతోటకు మందు కొడదామని పొద్దున ఆరింటికి పవర్ స్ప్రేయర్ బయటికి తీస్తే, తాడు లాగి లాగి భుజం పడిపోయిందే తప్ప ఇంజను పలకలేదు. నాలుగు నెలలు కొట్టంలో ఉన్న యంత్రం. ఊరికే పడేయలేదు, స్టెబిలైజర్ పోసి మరీ పెట్టాను. ఫ్రిజ్జు పక్కన పెట్టే డబ్బా కాదు, పెట్రోలులో కలిపే మందు. "ఇది పోస్తే ఏడాదైనా పెట్రోలు చెడదు, ఇంజనుకు ఢోకా లేదు" అని నెల్లూరు దుకాణదారు ఒట్టు పెట్టినట్టు చెప్పి అమ్మాడు.

పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌ను మెకానిక్ విప్పి నా ముందు పెట్టాడు. అడుగున ముదురు పాకంలా బంక. పెట్రోలు వెళ్లే సన్నని జెట్ రంధ్రం పూర్తిగా పూడిపోయింది. "ఎప్పటి పెట్రోలులో పోశావన్నా?" అన్నాడు. అప్పటికే రెండు నెలలుగా ట్యాంకులో ఉన్నదానిలో పోశాను. "పోశాక కాసేపు నడిపావా?" నడపలేదు. నడపాలని నాకెవరు చెప్పారు?

ఆ మందు చేసేది ఒక్కటే పని. పెట్రోలు గాలితో కలిసి బంకగా మారడాన్ని కొంతకాలం ఆపుతుంది. విరిగిన పాలను మళ్లీ పాలు చేసే మందు ఎక్కడైనా ఉందా? ఇదీ అంతే. బంకు నుంచి తెచ్చిన తాజా పెట్రోలులో కొలత ప్రకారం కలపాలి, తర్వాత ఐదు పది నిమిషాలు ఇంజను నడపాలి. అప్పుడే మందు కలిసిన పెట్రోలు కార్బురేటర్ దాకా వెళుతుంది. లేదంటే ట్యాంకులో మందు ఉంటుంది, కార్బురేటర్‌లో పాతదే కూర్చుంటుంది. నాది టూ స్ట్రోక్ ఇంజను, పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. పెట్రోలు ఆవిరైపోయి, అందులో కలిపిన ఆయిలు జెట్‌కు అతుక్కుపోయింది.

పైగా ఇది మన నాయనల కాలం నాటి పెట్రోలు కాదు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 కల్లా దేశమంతా పరుచుకుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలో గోడలే చెమ్మగిల్లుతాయి, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు సంగతి చెప్పాలా? నీరు హద్దు మీరితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజనుకు అందేదీ ఆ అడుగు నుంచే. అంతదాకా వచ్చాక ఎన్ని సీసాలు గుమ్మరించినా ప్రయోజనం సున్నా.

తాజా పెట్రోలులోనే కలపాలన్న మాట ఆ సీసా మీదే ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో! స్ప్రేయర్‌తో వచ్చిన పుస్తకంలోనూ తెలుగు ముక్క లేదు. తెలుగు రైతు డబ్బు కావాలి గానీ తెలుగు అక్షరం బరువైపోయిందా వీళ్లకు?

ఇది ఇవాళ్టి కోపం కాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు రాత్రే మా ఇంట్లో కరెంటు పోయింది. అమ్మకు ఆయాసం, నెబులైజర్ పెట్టాలి. జనరేటర్ తాడు లాగి లాగి నా అరచేతి తోలు ఊడింది. అప్పుడూ ఇదే బంక. నెలల తరబడి వాడకపోతే పెట్రోలు తీసేయాలని అమ్మినవాడు ఒక్క మాట అనలేదు. అడిగితే "పుస్తకంలో ఉంది కదా" అన్నాడు. ఏ భాషలో ఉందో చెప్పాలా? అమ్మ ఆ రాత్రంతా మంచం మీద కూర్చునే తెల్లవార్చింది. ఆ చప్పుడు, ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు, నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రాత్రి మళ్లీ రాకూడదనే ఈ మందు వెతికి కొన్నాను.

మెకానిక్ ఏం చేయాలో చూపించాడు. నెలల తరబడి పక్కన పెట్టే చిన్న ఇంజనుకు ట్యాంకు ఖాళీ చేసి, తనంతట తాను ఆగిపోయేదాకా నడపడమే. రూపాయి ఖర్చు లేదు. ఇంటికి రాగానే ముందు జనరేటర్‌కు ఆ పని చేశాను.

సీసాలో ఇంకా సగం మందు ఉంది. రేపు దాన్ని ఆ దుకాణానికి తీసుకెళ్లి, దాని మీది ఆ చిన్న అక్షరాలను కొనేవాళ్లందరి ముందు అతనితోనే తెలుగులో చదివిస్తాను.