రాత్రి ఏసీ ఆపితే బిల్లు పెరుగుతుందనే మాట నిజం కాదు

ఆఫీసులు, మాల్స్, హోటళ్ళ భవనాలు నడిపేవాళ్ళ మధ్య ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. పెద్ద భవనంలో ఏసీ ఖర్చు తగ్గించే ఏడు సూత్రాలట. రాత్రి ఏసీ ప్లాంటు ఆపకండి, ఆపితే పొద్దున ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. పొద్దున త్వరగా చల్లబడాలంటే థర్మోస్టాట్ 18లో పెట్టండి. బయటి గాలిని లోపలికి వదిలే రెక్కల తలుపు, అంటే ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ మూసేయండి. ప్రతి ఫ్యానుకీ మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెడితే బిల్లు సగమవుతుంది. ఫిల్టర్లు తీసేస్తే ఫ్యాను తేలిగ్గా తిరుగుతుంది. ఖాళీ గదుల్లో చల్లగాలి వచ్చే గ్రిల్స్ మూసేయండి. ఏడాదికోసారి కండెన్సర్ (వేడిని బయటికి వదిలే భాగం) కడిగించండి. వీటిలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. నమ్మి పాటించినవాళ్ళు డబ్బుతోపాటు యంత్రాలనూ పోగొట్టుకుంటున్నారు. అందుకే ఒక్కోదాన్నీ విప్పి చూద్దాం.

"రాత్రి ఆపకండి, మళ్ళీ మొదలుపెడితే ఎక్కువ ఖర్చు"

సందేశమంతా దీనిమీదే నిలబడింది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

గోడలు, కిటికీలు, పైకప్పు గుండా ఎంత వేడి లోపలికి వస్తుందనేది బయటికీ లోపలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. ఒక భవనంలోకి ఒక్కో డిగ్రీ తేడాకు 5 కిలోవాట్ల వేడి వస్తుందనుకోండి. రాత్రి బయట 30 డిగ్రీలు. లోపల 24 దగ్గరే పట్టి ఉంచితే 12 గంటల్లో 6 × 5 × 12, అంటే 360 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి లోపలికి వస్తుంది. అదంతా చిల్లర్, అంటే ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రం, తోడిపోయాలి. ప్లాంటు ఆపేస్తే లోపల మెల్లగా వెచ్చబడుతుంది. సగటున 27 అయిందనుకుంటే వచ్చే వేడి 3 × 5 × 12, అంటే 180 యూనిట్లే. పొద్దున తోడాల్సింది కూడా ఆ 180నే. రాత్రి ఆపకుండా వదిలేసిన కంప్యూటర్లు, లైట్ల వేడి రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి అది లెక్క మార్చదు.

ఒక యూనిట్ కరెంటుతో 4 యూనిట్ల వేడి తోడే ప్లాంటుకు మొదటి పద్ధతిలో 90 యూనిట్లు కావాలి, రెండోదానిలో 45 చాలు. రాత్రి బయట చల్లగా ఉంటుంది, చిల్లర్ మెరుగ్గా నడుస్తుంది అనే వాదన నిజమే. కానీ ఆ మెరుగుతో వచ్చే పొదుపు, పని సగానికి తగ్గడంతో వచ్చే పొదుపుకు సాటిరాదు. ఫ్యాన్లు, పంపుల సంగతి ఇంకా లెక్కలోకే రాలేదు. 11 కిలోవాట్లు లాగే ఏహెచ్‌యూ (చల్లటి నీరు పారే గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీదుగా గాలిని గదులకు పంపే యంత్రం) ఫ్యాను 12 గంటలు తిరిగితే 132 యూనిట్లు. పైగా మోటారు గాలి దారిలోనే ఉంటే ఆ 11 కిలోవాట్లూ వేడిగా మారి అదే గాలిలో కలుస్తాయి. అంటే చిల్లర్ మీద మరో 3 టన్నుల భారం. ఎవరూ లేని భవనంలో రాత్రంతా చిల్లర్ తోడే వేడిలో పావు వంతుకు పైగా మన ఫ్యానే తెచ్చిపెట్టిందన్నమాట.

ఇక స్టార్టింగ్ కరెంటు భయం. మోటారును నేరుగా లైనుకు కలిపితే మొదలయ్యేటప్పుడు ఆరేడు రెట్లు కరెంటు లాగే మాట వాస్తవం. కానీ ఎంతసేపు? 15 కిలోవాట్ల మోటారు 5 సెకన్లపాటు ఆరు రెట్లు, అంటే 90 కిలోవాట్లు లాగిందని ఎక్కువే వేసుకున్నా ఖర్చయ్యేది 0.125 యూనిట్. అదే మోటారు మామూలుగా తిరుగుతూ 30 సెకన్లలో అంతే తినేస్తుంది. గంటకు పదిసార్లు ఆపి వేస్తుంటే వైండింగ్ కాలిపోతుంది, నిజమే. రోజుకొకసారి ఆపడానికీ దానికీ పోలిక లేదు.

అయినా రాత్రి ఆపడం మొదలుపెట్టాక బిల్లు పెరిగిన భవనాలు ఉన్నాయి. కారణం యూనిట్లు కాదు, మాగ్జిమమ్ డిమాండ్. చాలా చోట్ల మీటరు 15 లేదా 30 నిమిషాల సగటును కొలుస్తూ, నెలలో వచ్చిన అతి పెద్ద సగటుకు విడిగా ఛార్జీ వేస్తుంది. ఉన్న చిల్లర్లన్నీ, ఏహెచ్‌యూలన్నీ ఉద్యోగులు వచ్చే వేళకే ఒక్కసారిగా వేస్తే లిఫ్టులు, లైట్ల లోడు కూడా వాటికి తోడై ఆ అంకె ఎగిరిపోతుంది. దీనికి విరుగుడు రాత్రంతా నడపడం కాదు, కాస్త ముందుగా, విడతలుగా మొదలుపెట్టడం. ముందు ఒక చిల్లర్, దాని పంపులు. తర్వాత అయిదేసి నిమిషాల తేడాతో ఒక్కో అంతస్తు ఏహెచ్‌యూ. రెండో చిల్లర్‌ను మొదటిది పూర్తి లోడుకు చేరి కొంతసేపు అయ్యాకే రానివ్వాలి. లేకపోతే పొద్దుటి తాత్కాలిక లోడును చూసి కంట్రోలర్ ఉన్నవన్నీ ఆన్ చేసేస్తుంది.

ఎంత ముందుగా వేయాలో ఊహించనక్కర్లేదు. ఒక వారం పాటు ప్లాంటు వేసిన సమయం, గది సెట్ పాయింటుకు (థర్మోస్టాట్‌లో పెట్టిన ఉష్ణోగ్రతకు) చేరిన సమయం రాసుకోండి. గదులన్నిటి నుంచి తిరిగొచ్చే (రిటర్న్) గాలి సగటు కాకుండా అన్నిటికంటే ఆలస్యంగా చల్లబడే గదిని చూడాలి. పై అంతస్తులో పడమటి మూల గది తరచుగా అలాంటిదే. జనం రావడానికి చాలా ముందే చేరుతుంటే స్టార్టు సమయాన్ని 15 నిమిషాల చొప్పున ఆలస్యం చేస్తూ పోండి. సెలవు తర్వాతి రోజుకు వేరే సమయం పెట్టాలి, ఎందుకంటే గోడల్లో, స్లాబులో రెండు రోజుల వేడి నిలిచి ఉంటుంది. సాయంత్రం మూసేవేళకు అరగంట ముందు చిల్లర్ ఆపి, పంపు, ఫ్యాను మాత్రం ఉంచితే పైపుల్లోని చల్లటి నీరే ఆ అరగంటను చాలావరకు మోస్తుంది.

మినహాయింపులు ఉన్నాయి. ఆపరేషన్ థియేటర్లు, లేబొరేటరీలు, సర్వర్ గదులు ఆపేవి కావు. తేమ ఎక్కువ ఉండే చోట వారాంతమంతా వదిలేస్తే ఫాల్స్ సీలింగు, కార్పెట్లు బూజు పడతాయి. అలాంటిచోట గదిలో తేమ 65 శాతం దాటితే ఒక ఏహెచ్‌యూ, చిన్న చిల్లర్ దానంతటదే నడిచి ఆగేలా పెట్టుకోవాలి. చలి ప్రాంతాల్లో హీటింగుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అయితే కరెంటు హీటర్లు తోడుగా ఉన్న హీట్ పంపుల (బయటి వేడిని లోపలికి తోడే యంత్రాల) దగ్గర జాగ్రత్త పడాలి. పొద్దున సెట్ పాయింటును ఒక్కసారే పెంచితే ఆ హీటర్లు వెలిగి రాత్రి మిగిల్చినదంతా మింగేస్తాయి. కొద్దికొద్దిగా పెంచాలి, లేదా ఆ గంటసేపు హీటర్లను లాక్ చేయాలి.

ఇవన్నీ చేసేముందు అసలు మీ ప్లాంటు రాత్రి ఆగుతోందో లేదో చూడండి. టైమర్ ఉంటుంది, షెడ్యూల్ ఉంటుంది, కానీ ఎప్పుడో ఒక ఫిర్యాదు వచ్చినప్పుడు ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పి ఉంటారు. దాన్ని తిరిగి ఆటోలో పెట్టడం ఎవరికీ గుర్తుండదు. అర్ధరాత్రి 2 గంటల మీటరు రీడింగునూ మధ్యాహ్నం 2 గంటల రీడింగునూ పక్కపక్కన పెడితే ఇది బయటపడిపోతుంది.

"18లో పెడితే త్వరగా చల్లబడుతుంది"

థర్మోస్టాట్ కారు యాక్సిలరేటర్ లాంటిది కాదు. గది 30 డిగ్రీల్లో ఉండి సెట్ పాయింట్ 24 అయినా చల్లటి నీటి వాల్వు అప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. 18 చేస్తే ఇంకా తెరవడానికి ఏమీ మిగలదు. 24కు చేరాక ఆగాల్సింది ఆగకుండా కిందికి పోతూనే ఉంటుంది. ఇన్వర్టర్ యూనిట్లలో మాత్రం తేడా పెద్దదైతే కంప్రెసర్ వేగం పెంచుకుంటుంది. కాబట్టి అక్కడ కాస్త త్వరగా చల్లబడవచ్చు, కానీ ఎక్కువ వేగంలో ఒక్కో టన్నుకు పడే కరెంటు కూడా ఎక్కువ.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. హీటింగ్, కూలింగ్ రెండూ ఉన్న భవనంలో ఒక గదిని 18కి లాగితే పక్క జోన్‌లో హీటర్ మొదలవుతుంది. రెండు మీటర్లూ కలిసి తిరుగుతాయి, గది మాత్రం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఫిర్యాదు కూడా రాదు. హీటింగ్ సెట్ పాయింటుకూ కూలింగ్ సెట్ పాయింటుకూ మధ్య కనీసం 3 డిగ్రీల ఖాళీ ఉంచండి. ఉదాహరణకు 21, 24.

"ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ మూసేయండి"

బయటి గాలి భారం చిన్నదేమీ కాదు, దాన్ని ఒప్పుకోవాలి. బయట 35 డిగ్రీలు, 50 శాతం తేమ. లోపల 24 డిగ్రీలు, 50 శాతం తేమ అనుకుంటే, సెకనుకు 1000 లీటర్ల బయటి గాలిని లోపలి స్థితికి తేవడానికి సుమారు 11 టన్నుల కూలింగ్ కావాలి. అందులో సగానికి పైగా తేమను తీయడానికే పోతుంది. ఈ అంకె చూసి డ్యాంపర్ మూసేయాలనిపించడం సహజం.

మూస్తే ఏమవుతుంది? టాయిలెట్లు, వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. అవి బయటికి నెట్టే గాలికి బదులు ఎక్కడినుంచో రావాలి. తలుపుల సందుల నుంచి, లిఫ్టు షాఫ్టు నుంచి, ఫాల్స్ సీలింగు పైనుంచి వస్తుంది. ఫిల్టర్ లేకుండా, కాయిల్ దాటకుండా, తేమతో వస్తుంది. లాబీ తలుపు తెరవడానికి బలం పెట్టాల్సి వస్తోందంటే, లిఫ్టు తలుపుల దగ్గర ఈల వినిపిస్తోందంటే ఇదే జరుగుతోందని అర్థం. భారం మాత్రం తగ్గలేదు, దారి మార్చుకుందంతే. మనుషుల సంగతి మరీ ముఖ్యం. అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే పెట్టిన 62.1 వెంటిలేషన్ ప్రమాణం ఆఫీసులకు మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, దానితోపాటు చదరపు మీటరుకు 0.3 లీటర్లు అడుగుతుంది. వంద చదరపు మీటర్లకు అయిదుగురుంటే మనిషికి 8.5 లీటర్లు. ఆ మేరకు గాలి ఇస్తే కార్బన్ డయాక్సైడ్ బయటి కంటే సుమారు 600 పీపీఎం (పది లక్షల్లో 600 వంతులు) ఎక్కువ దగ్గర నిలుస్తుంది. మూసిన గదిలో అది నిలవదు, పెరుగుతూ పోతుంది. మధ్యాహ్నం మీటింగు గదిలో అందరికీ తలనొప్పి రావడానికి కారణం వెతకాల్సింది అక్కడే.

సరైన పొదుపు ఇలా వస్తుంది. పొద్దున జనం వచ్చేదాకా డ్యాంపర్ పూర్తిగా మూసి ఉంచండి. ఆ చల్లబరిచే గంటలో బయటి గాలితో పనిలేదు. ఆఫీసు మూశాక టాయిలెట్ ఎగ్జాస్టులూ ఆగాలి. సమావేశ మందిరాల్లాంటి చోట కార్బన్ డయాక్సైడ్ సెన్సర్‌తో డ్యాంపర్‌ను నడపండి. కానీ ఆ సెన్సర్‌ను తలుపు పక్కనో సప్లై గ్రిల్ కిందో పెడితే అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఎగ్జాస్ట్ గాలి ఒకచోటికి చేరే భవనమైతే బయటికి పోయే గాలి చల్లదనాన్ని లోపలికొచ్చే గాలికి అందించే ఎనర్జీ రికవరీ వీల్ పెట్టవచ్చు. 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే ఆ 11 టన్నుల్లో ఏడున్నర వెనక్కి వస్తాయి. అన్నిటికంటే ముందు డ్యాంపర్‌ను కళ్ళారా చూడండి. దాన్ని తిప్పే మోటారు (యాక్చువేటర్) షాఫ్టు తిరుగుతుంది, కలిపే కడ్డీ (లింకేజీ) ఊడి రెక్కలు కదలవు. బీఎంఎస్ (భవన యంత్రాలను నడిపే కంప్యూటర్) తెరమీద మాత్రం 20 శాతం అని చూపిస్తూనే ఉంటుంది.

"వీఎఫ్‌డీ పెడితే బిల్లు సగం"

ఫ్యాను వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే పవరు 51 శాతానికి పడుతుంది, ఎందుకంటే పవరు వేగం ఘనాన్ని అనుసరిస్తుంది. సూత్రం నిజమే. కానీ వీఎఫ్‌డీ వేగాన్ని తనంతట తాను తగ్గించదు, ఏదో ఒకటి దానికి తగ్గమని చెప్పాలి. ఎప్పుడూ 50 హెర్ట్జ్‌లో, అంటే పూర్తి వేగంలో తిరిగే వీఎఫ్‌డీ తన సొంత నష్టంతో కొన్ని శాతాలు ఎక్కువే తింటుంది.

సాధారణంగా జరిగే పొరపాట్లు మూడు. గాలి గొట్టంలో (డక్ట్‌లో) ఉంచాల్సిన ఒత్తిడి, అంటే స్టాటిక్ ప్రెషర్ సెట్ పాయింటును ప్లాంటు మొదలుపెట్టిన (కమిషనింగ్) రోజు పెట్టిన అంకె దగ్గరే వదిలేయడం మొదటిది. అప్పుడు ఒక్కో గదికి గాలిని వదిలే టెర్మినల్ డ్యాంపర్లన్నీ సగం మూసుకుని ఉన్నా ఫ్యాను ఆ ప్రెషర్ కోసం తిరుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ గాలి అడిగే టెర్మినల్ 90 శాతం తెరుచుకునేదాకా సెట్ పాయింటును మెల్లగా దించుతూ రావాలి. చల్లటి నీటి పంపుకు వీఎఫ్‌డీ పెట్టి ఏహెచ్‌యూల దగ్గర త్రీ వే వాల్వులు అలాగే ఉంచడం రెండోది. కాయిల్‌కు అక్కర్లేని నీరు బైపాస్ గుండా తిరిగి వస్తుంది, మొత్తం ప్రవాహం తగ్గదు, పంపు వేగమూ తగ్గదు. టూ వే వాల్వులకు మార్చాలి, చిల్లర్‌కు కావలసిన కనీస ప్రవాహానికి మాత్రం ఒక బైపాస్ ఉంచాలి. మూడోది, వీఎఫ్‌డీ ఒకసారి ట్రిప్ అయ్యాక మోటారును నేరుగా లైనుకు కలిపి (బైపాస్‌లో పెట్టి) మర్చిపోవడం. ఫ్యానుకు ఏడాదంతా ఒకే తగ్గింపు వేగం చాలనుకుంటే వీఎఫ్‌డీ అక్కర్లేదు, పుల్లీ మారిస్తే సరిపోతుంది.

"ఫిల్టర్లు తీసేయండి"

సెకనుకు 5 ఘనమీటర్ల గాలి, ఫిల్టర్ దగ్గర 100 పాస్కల్స్ అదనపు ఒత్తిడి, ఫ్యాను, మోటారు కలిపి 55 శాతం సామర్థ్యం అనుకుంటే 0.9 కిలోవాట్ ఖర్చవుతుంది. నెలకు 300 గంటలకు 270 యూనిట్లు. ఇదే ఆ సలహాకు ఆధారం. కానీ ఫిల్టర్ తీసేస్తే ఆ దుమ్ము తడిగా ఉన్న కాయిల్ రెక్కల మధ్య చేరి బురదలా గట్టిపడుతుంది. ఫిల్టర్ మార్చడం పది నిమిషాల పని. కాయిల్ లోతుల్లో పేరుకున్నదాన్ని తీయడం రోజు పని, పూర్తిగా వస్తుందనే నమ్మకమూ లేదు. ఫిల్టర్‌కు ఇరువైపులా ప్రెషర్ గేజి పెట్టి, తయారీదారు చెప్పిన తుది ఒత్తిడి దగ్గర మార్చండి.

ఇంకో మాట. స్థిర వేగంతో తిరిగే సెంట్రిఫ్యూగల్ ఫ్యాను ముందు ఫిల్టర్ మూసుకుపోతే దాని ఆంపియర్లు పెరగవు, తగ్గుతాయి, ఎందుకంటే అది కదిలించే గాలి తగ్గింది. క్లాంప్ మీటరు చూసి పొదుపైందని సంతోషించేవాళ్ళున్నారు. అదే సమయంలో గదులు చల్లబడక చిల్లర్ అదనపు గంటలు నడుస్తూ ఉంటుంది.

"ఖాళీ గదుల్లో గ్రిల్స్ మూయండి"

గదికి కావాల్సినంతే గాలి వదిలే వీఏవీ టెర్మినల్స్ ఉన్నచోట ఆ పని అవే చేస్తాయి. ఫ్యాను ఒకే వేగంతో తిరిగే డక్టబుల్, ప్యాకేజ్ యూనిట్లలో (కంప్రెసర్‌తో నేరుగా గాలిని చల్లబరిచేవాటిలో) ఇది ప్రమాదం. వాటి కాయిల్‌కు టన్నుకు సెకనుకు దాదాపు 190 లీటర్ల గాలి కావాలి. గ్రిల్స్ మూస్తూ పోతే గాలి తగ్గి కాయిల్ మీద మంచు పడుతుంది, ద్రవ రూపంలోని రిఫ్రిజెరెంట్ (ఏసీ గ్యాస్) కంప్రెసర్‌లోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

"ఏడాదికోసారి కండెన్సర్ కడిగించండి"

కడిగించాల్సిందే, కానీ క్యాలెండర్ చూసి కాదు. నీటితో చల్లబడే చిల్లర్‌లో రిఫ్రిజెరెంట్ కండెన్సింగ్ (ద్రవంగా మారే) ఉష్ణోగ్రతకూ కండెన్సర్ నుంచి బయటికొచ్చే నీటి ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాను రోజూ ఒకసారి రాయండి. శుభ్రమైన ట్యూబులకు పూర్తి లోడులో అది ఒకటి రెండు డిగ్రీలే. లోడు తగ్గితే తేడా కూడా తగ్గుతుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే లోడు దగ్గరి అంకెలనే పోల్చాలి. కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగితే కంప్రెసర్ రెండు మూడు శాతం ఎక్కువ లాగుతుంది. తేడా 4 డిగ్రీలు దాటినా ఏడాది అవలేదని ఆగితే ఆ నష్టం రోజూ జరుగుతూనే ఉంటుంది. బ్రష్ వేసి కడిగాక కూడా అంకె దిగకపోతే తప్పు ట్యూబుల్లో లేదు. కండెన్సర్ నీటి ప్రవాహం సరిపోతోందో లేదో, రిఫ్రిజెరెంట్ మోతాదు మించిందేమో, లోపల గాలి చేరిందేమో అదే వరుసలో చూసుకోండి.