బాధితులకా పాలిగ్రాఫ్?

పేరున్నవాడి మీద ఒక ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే చాలు, ఎఫ్ఐఆర్ మీద సంతకం ఆరకముందే ఒక డిమాండ్ పుట్టుకొస్తోంది: ముందు ఆమెకు లై డిటెక్టర్ (పాలిగ్రాఫ్) పెట్టండి, అప్పుడు చూద్దాం అని. టీవీ చర్చల్లో నాయకులు ఈ సవాలు విసురుతున్నారు. స్టేషన్ల చుట్టూ తిరిగి రాజీలు కుదిర్చే పెద్దమనుషులూ ఇదే పాట అందుకున్నారు. సాక్షి చెప్పింది నచ్చకపోతే అతనికీ ఇదే సవాలు. ఈ డిమాండ్‌ను ఏ రూపంలోనూ ఒప్పుకోకూడదు. ఒక్క కేసులో కూడా.

ఒక్క కేసులో కూడా అని ఎందుకు అంటున్నామంటే, ఇలాంటివి ఒక్క కేసుతో ఆగవు. ఈరోజు ఒక సంచలన కేసులో 'ప్రత్యేక పరిస్థితి' అని బాధితురాలిని కుర్చీలో కూర్చోబెట్టి వైర్లు తగిలిస్తే, రేపు విజయవాడ సత్యనారాయణపురంలో గొలుసు పోగొట్టుకున్న పెద్దావిడనూ అడుగుతారు. గుంటూరు మిర్చి యార్డులో తూకం మోసం కళ్లారా చూసిన హమాలీని అడుగుతారు. ఆ హమాలీ మళ్లీ నోరు విప్పుతాడా? కూలి మానుకుని, వైర్లు తగిలించుకుని, తాను దొంగను కానని నిరూపించుకోవడానికి వస్తాడా?

చట్టం సంగతి ఇప్పటికే తేలిపోయింది. సెల్వి కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు నార్కో (మందిచ్చి మగతలో ప్రశ్నించడం), పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలను కొలవడం) పరీక్షలను బలవంతంగా చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. నిందితుల దగ్గరే ఆగలేదు. నేరానికి గురైనవారిని కూడా ఈ పరీక్షలకు బలవంతపెట్టరాదని, అలా చేస్తే వారి మనసులోకి అన్యాయంగా చొరబడినట్టవుతుందని, వారికి మరింత మచ్చ తెచ్చినట్టవుతుందని విడిగా రాసింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం దానంతట అది సాక్ష్యం కాదని కూడా చెప్పింది. కోర్టులో చెల్లని కాగితం కోసం బాధితురాలిని ఎందుకు వేధించాలి?

బలవంతం ఏమీ లేదు, ఇష్టమైతేనే అంటారు. పచ్చి అబద్ధం. కేసు ముందుకు కదలాలంటే ఎవరి దయ కావాలో ఆ అధికారే ఎదురుగా కూర్చుని 'ఇష్టమేనా అమ్మా' అని అడిగితే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? కాదంటే 'చూశారా, భయపడింది' అని సాయంత్రానికల్లా ప్రచారం. 2020లో ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్‌లో ఇదే చూశాం. కూతురిని పోగొట్టుకుని, అర్ధరాత్రి పోలీసులే దహనం చేస్తుంటే కడసారి చూపుకూ నోచుకోని కుటుంబానికి నార్కో, పాలిగ్రాఫ్ పరీక్షలు చేయిస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పాలిగ్రాఫ్‌కు ముందు లాయర్ సాయం, మేజిస్ట్రేట్ ముందు సమ్మతి నమోదు తప్పనిసరి. అవన్నీ నిందితుడి కోసం రాసినవి. ముద్దాయికి ఇన్ని రక్షణలు ఉండి, బాధితురాలికి మాత్రం టీవీలో సవాలా?

ఇక ఆ యంత్రం కొలిచేది నాడి, రక్తపోటు, ఊపిరి, చెమట. అబద్ధాన్ని కాదు. అఘాయిత్యానికి గురైన మనిషిని ఆ రాత్రి గురించే మళ్లీ అడిగితే గుండె దడదడలాడదా? ఆ టెన్షన్‌ను అబద్ధమని గ్రాఫు గీసి చూపిస్తారా?

బాధితుల మాట వినకపోతే ఏమవుతుందో విజయవాడకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. పోలీసులు ఒక యువకుణ్ని పట్టుకొచ్చారు. అతను కాదు మొర్రో అని ఆ పిల్ల తల్లిదండ్రులే మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది, 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గాక. సీబీఐ మళ్లీ దర్యాప్తు మొదలుపెట్టి, 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి రీపోస్టుమార్టం చేసింది. కడుపుకోతతో ఉన్న ఆ తల్లి మొదట్నుంచీ చెప్పిన మాటను ఒక అధికారి శ్రద్ధగా విని ఉంటే చాలు. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

తప్పుడు కేసులు ఉండవా అంటే, ఉంటాయి. వాటికి భారతీయ న్యాయ సంహితలో 217, 248 సెక్షన్లు ఉన్నాయి. దర్యాప్తు చేసి, అబద్ధమని తేలితే వాటి కింద కేసు పెట్టండి. కాల్ డేటా, సీసీ కెమెరాలు, వైద్య నివేదిక, ఘటనాస్థలంలో దొరికినవి, ఇవన్నీ వదిలేసి ఫిర్యాదుదారుకు ముందుగా పరీక్ష పెట్టడం దర్యాప్తు కాదు, దర్యాప్తు ఎగ్గొట్టడం. సాక్షులకు రక్షణ పథకం ఉండాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, కొత్త నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ రాష్ట్రాలకు ఆ బాధ్యత పెట్టింది. రక్షణ గురించి అడిగే గొంతు వినపడదు, లై డిటెక్టర్ కోసం మాత్రం అందరూ అరుస్తారు!

మంగళగిరిలోని డీజీపీ కార్యాలయం ఒక్క పేజీ ఉత్తర్వు ఇస్తే చాలు: బాధితులను, సాక్షులను పాలిగ్రాఫ్‌కు ఒప్పుకోమని ఏ అధికారీ అడగకూడదు, సూచించకూడదు, అడిగితే చర్య తప్పదు అని. ఆ ఉత్తర్వు ప్రతి స్టేషన్‌కూ ఈ వారమే చేరాలి. ఇక సవాళ్లు విసిరే నాయకులకు ఒక మాట. అత్యాచారం కేసులున్నవాళ్లకు టికెట్లు ఇచ్చేటప్పుడు మీ పార్టీలు ఏ పరీక్షా పెట్టవు. స్టేషన్ మెట్లెక్కిన ఆడపిల్లకు పరీక్ష పెట్టమనడానికి మీకు సిగ్గుండాలి.