అవయవం కోసం ఎదురుచూపు.. మసకబారే మతి

రేణిగుంట విమానాశ్రయం నుంచి పద్మావతి హృదయాలయానికి గుండె బయల్దేరిందంటే తిరుపతి రోడ్లన్నీ దారి ఇస్తాయి. అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని నెలలూ ఏళ్లూ కాచుకునే వాళ్ల తలలో ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ అడగరు. కాలేయమో కిడ్నీయో చెడితే మతి కూడా మసకబారుతుంది. దాన్ని కొలవకుండా ‘మందులు సరిగా వాడడు’ అని కేస్‌షీట్‌లో రాసేయడం అన్యాయం.

కాలేయం సంగతే చూడండి. పేగుల్లో పుట్టే అమ్మోనియాను అది విరిచేయలేకపోతే, ఆ విషం రక్తంతో మెదడుకు చేరుతుంది. రాత్రంతా మెలకువ, పగలంతా కునుకు. చిల్లర లెక్క తప్పుతుంది. ఇంట్లోవాళ్లు దిగులనుకుంటారు, కొందరైతే దొంగచాటుగా తాగాడనుకుంటారు. జబ్బు తీవ్రతను తేల్చే మెల్డ్ స్కోరులో బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్‌ఆర్, సోడియం అనే రక్తపరీక్షల అంకెలు ఉంటాయి. మతికి మార్కు లేదు.

కనిపెట్టడానికి స్కానింగ్ అక్కర్లేదు. ఒక్క నిమిషంలో గుర్తొచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పమంటే చాలు. 15 దాటితే ఫర్వాలేదు. పదికి తగ్గితే అనుమానించాల్సిందే, చదువు బొత్తిగా లేనివాళ్లకూ బాగా ముసలివాళ్లకూ కొంత సడలింపుతో. గడియారం బొమ్మ గీయమనే పరీక్షలో బడి మొహం చూడనివాళ్లు ఎలాగూ ఓడిపోతారు. పలమనేరు వైపు పాడి రైతు మాత్రం ఆవు, ఎనుము, మేక, పొట్టేలు అని చెప్పి, మళ్లీ ఆవు దగ్గరికే వచ్చి ఆగిపోయాడంటే దానికి చదువుతో సంబంధం లేదు.

వైద్యంలోనూ తప్పులే. లాక్టులోజ్ సిరప్‌ను మలబద్ధకం మందనుకుని, విరేచనం సాఫీ కాగానే ఆపేస్తారు. అమ్మోనియాను పేగులోనే పట్టి బయటికి పంపే మందు అది. మామూలుగా 15 నుంచి 30 మి.లీ. చొప్పున రెండు మూడు పూటలు ఇస్తారు. రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలయ్యేలా సర్దుకోవాలి. ఆరేడు అయ్యేదాకా పోసినా ముప్పే: ఒంట్లో నీరు పోయి, లవణాలు తారుమారై మగత ఇంకా ముదురుతుంది. నిద్ర పట్టలేదని నిద్రమాత్ర వేస్తే కోమాలోకి జారొచ్చు. పప్పు, గుడ్డు మాన్పించడం మరో పాత తప్పు. అమ్మోనియాను కండరాలు కూడా పీల్చుకుంటాయి. కండ కరిగితే ఆ దారీ మూసుకుపోతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. శనివారం ఒక్కపొద్దు వీళ్లకు తగదు. పడుకునే ముందు కూడా గ్లాసెడు రాగి జావైనా కడుపులో పడాలి. ఆ మాత్రానికి స్వామి ఏమీ అనుకోడు.

కిడ్నీ రోగులదీ ఇదే బాధ. నాలుగు గంటల డయాలసిస్ ముగిసి, బీపీ పడిపోయి తల దిమ్మెక్కిన వేళ చూసి, నీళ్లెన్ని తాగాలో, ఫాస్ఫరస్‌ను తగ్గించే మాత్ర అన్నంతోపాటే ఎందుకు మింగాలో చెబుతారు. సూది గుచ్చకముందో, మర్నాడు ఫోన్లోనో చెబితే తలకెక్కుతుంది.

ఓపీలో వందమంది నిలబడి ఉంటే పరీక్షలకు తీరికేదని డాక్టర్లంటారు. మార్కులు తగ్గితే జాబితాలోంచి పేరు తీసేస్తారేమోనని రోగుల భయం. ఆ భయం న్యాయమైనదే. అయితే అమ్మోనియా తెచ్చే మసక కొత్త కాలేయంతో చాలావరకు విడిపోతుంది. ఎవరికి తోడు కావాలో తేల్చుకోవడానికే ఈ కొలత. మార్పిడయ్యాక, కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్ మందు మామూలుగా 12 గంటలకోసారి తప్పకుండా పడాలి. ఆ తోడును ఇప్పుడే తయారు చేసుకోవాలి.

అసలు ఆరోగ్యంగా ఉన్నవాడికే అర్థంకాని మందుల చీటీ మనది. ‘బీడీ’ (రోజుకు రెండుసార్లు), ‘టీడీఎస్’ (మూడుసార్లు), ‘హెచ్‌ఎస్’ (పడుకునే ముందు) అని ఇంగ్లీషులో గిలికి, మసకబారిన మెదడు చేతిలో పెడుతున్నాం. సోమవారం కలెక్టరేట్‌లో తెలుగు అర్జీ తీసుకునే ప్రభుత్వం, ప్రాణం నిలిపే కాగితాన్ని తెలుగులో ఇవ్వలేదా? ‘పొద్దున, రాత్రి, అన్నం తిన్నాక’ అని అచ్చేయడానికి ఏ జీవో కావాలి? ఆ చీటీని రోజూ మందు పోసే భార్యకో కోడలికో ఇచ్చి చదివించాలి. అందులో ఇంకొక్క మాట ఉండాలి: గోడమీది టీటీడీ క్యాలెండర్‌లో ఏ రోజు గడిలో ఆ రోజు ఆయన చేత సంతకం పెట్టించండి. సంతకం వంకరపోయి గడి దాటిందా, విరేచనం ఎన్నిసార్లయిందో, జ్వరముందో, మలం నల్లగా ఉందో చూసుకుని, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకురండి.