ప్లాట్లు ఊరికే ఇస్తామన్నా జనం రాని కోటకు

పాల్మనోవా కోటగారికి,

నమస్కారం. ఇటలీ ఈశాన్య మూలన తొమ్మిది కొమ్ముల నక్షత్రంలా కూర్చున్న మిమ్మల్ని పైనుంచి తీసిన ఫొటోలో చూసి మనసు పారేసుకున్నాను. తర్వాత తెలిసింది, నేల మీద నిలబడితే ఆ నక్షత్రం కనబడదట. గడ్డి దిబ్బలే కనిపిస్తాయట. మీరు పుట్టింది 1593లో. అప్పటికి విమానాలు లేవు కదా, అంత పెద్ద ముగ్గు ఎవరు చూడాలని వేయించుకున్నారండీ, కాకులా?

కోప్పడకండి. ఆ కొమ్ములు షోకు కోసం కాదని తెలుసు. ఫిరంగులొచ్చాక ఎత్తయిన గోడలకు కాలం చెల్లింది. గుండు తగిలితే రాయి పగులుతుంది, మట్టి దాన్ని మింగి ఊరుకుంటుంది. అందుకే మీ గోడలు పొట్టి, లావు. పాతకాలపు గుండ్రటి బురుజు ముందు కాపలావాడి కంటికి అందని మూల ఒకటి మిగిలేది. శత్రువు అక్కడ నక్కి గోడ తవ్వుకునేవాడు. బురుజుకు మొన తేలిస్తే ఆ మూల పోతుంది, పక్క బురుజులోని ఫిరంగి దాని ముఖమంతా కాస్తుంది. ఎదురింటి పిన్నిగారి కిటికీ ఉన్న వీధిలా అన్నమాట.

లెక్కంతా కుదిరింది. కట్టించిన వెనిస్ పెద్దలు మరిచిపోయింది ఒక్క మనుషుల్నే. ఆరు మూలల మైదానం, సూటి వీధులు, మూడు ద్వారాలు సిద్ధం. ఇల్లు కట్టుకుంటామని వచ్చేవాళ్లే లేరు. చివరికి 1622లో నేరస్థులకు క్షమాభిక్ష పెట్టి, స్థలాలు ఊరికే ఇచ్చి మరీ పిలిచారు. 'ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే' అని బోర్డు పెట్టి గుట్టలు కూడా అమ్మే మన వెంచర్ల వాళ్లకు కూడా ఈ ఆఫర్ తట్టలేదు.

ఇంత టెన్షన్ ఎవరి కోసం? ముఖ్యంగా ఒట్టోమన్ తుర్కుల కోసం. వాళ్లేమో మీ గుమ్మం తొక్కనే లేదు. 204 ఏళ్లు దారి చూశాక, 1797లో వెనిస్ రాజ్యమే కూలిపోయింది. మీరేమో ఆస్ట్రియా చేతికీ ఫ్రెంచివాళ్ల చేతికీ పెళ్లింట్లో బిందెలా మారారు. నెపోలియన్ బయట ఇంకో వలయం చుట్టించాడు. 2017లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కారు, సంతోషం.

ఒక్క మనవి. వచ్చినవాళ్లు ఎక్కి చూడటానికి ఎత్తయిన గోపురం ఒక్కటైనా ఉండకూడదా? చర్చి గంటగోపురాన్ని కూడా శత్రువుకు కనబడకూడదని పొట్టిగా కట్టించారంటారు. సరే, డ్రోన్ కొన్నాకే వస్తాను.

ఇట్లు,
మిమ్మల్ని పైనుంచి మాత్రమే చూసిన అభిమాని